పిడికెడు బియ్యం, మెదక్ యాత్ర

మెదక్ చర్చికి 2024 డిసెంబరు 25తో నూరేళ్ళు నిండాయి. అప్పటి నుంచి పాలమూరు, నల్లగొండ వైపు క్రైస్తవ సంఘాల్లో పాతవాళ్ళు నలుగురు కలిస్తే అదే ముచ్చట. శనివారం చీకటితోనే బస్సెక్కి, హైదరాబాదులో మ్యూజియాలు చూసుకొని, రాత్రికి మెదక్ చేరి, ఆదివారం ఆరాధన చేసుకొని తిరిగొచ్చే యాత్ర ముచ్చట. ఇప్పుడు ఎవరి కారు వాళ్ళది. పొద్దున పోతారు, చర్చి ముందర ఫోటో దిగుతారు, దీపాలు పెట్టే యాళ్ళకు ఇంట్లో ఉంటారు. అదేం తప్పు కాదు. కానీ పాత యాత్రకు ఒక వరుస ఉండేది. ముందేది, వెనకేది అన్నది ఎవరో ఊరికే పెట్టింది కాదు. ఆ వరుస తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, అందుకే ఇది.

బియ్యం డబ్బా

యాత్ర మొదలయ్యేది బస్సుతో కాదు, వంటింట్లో. చర్చి స్త్రీల సమాజంలో పేరున్న ప్రతి ఇంట్లో ఒక డబ్బా ఉండేది, ఎక్కువగా పాత డాల్డా డబ్బా. పూటపూటకూ ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేవాళ్ళు. పిడికెడంటే యాభై గ్రాములు అటూ ఇటూ. రెండు పూటలా తప్పకుండా వేస్తే నెలకు ఇంటికి మూడు కిలోలు. ఇరవై ఇళ్ళయితే లెక్కకు అరవై కిలోలు రావాలి. వచ్చేవి నలభై. చుట్టాలొచ్చిన రోజు, బియ్యం నిండుకున్న వారం డబ్బా జోలికి ఎవరూ పోరు కదా. పిల్లల చేతులు చిన్నవి కాబట్టి కొన్ని ఇళ్ళల్లో ఆ పని పిల్లలకే అప్పజెప్పేవాళ్ళని నవ్వుకునేవాళ్ళు కూడా.

వానాకాలం ఆ డబ్బాకు పురుగు పడుతుంది. ఎండిన వేపాకు వేస్తే కొంత ఆగేది. పచ్చి ఆకు వేస్తే చెమ్మకు ముక్కిన వాసన పట్టేది. నెల చివరి ఆదివారం డబ్బాలన్నీ చర్చిలో ఒక గోనెసంచిలో గుమ్మరించేవాళ్ళు. ఆ బియ్యం మాత్రం యాత్రలో వండేవాళ్ళు కాదు. ఒకరిది కంట్రోలు బియ్యం, ఒకరిది కొత్త సోన, ఇంకొకరిది రెండేళ్ళ పాతవి. కలిపి వండితే సగం మెత్తగై, సగం పలుకు మిగులుతుంది. అందుకని ఆరాధన అయ్యాక గుమ్మం ముందరే వేలం వేసి, ఆ డబ్బు కోశాధికారి దగ్గర జమ కట్టేవాళ్ళు. వేలంలో పాడేది చాలాసార్లు ఆ ఇళ్ళవాళ్ళే. బజారు ధర కన్నా పది రూపాయలు ఎక్కువకు పాడి, తమ బియ్యమే తాము కొనుక్కొని, కోళ్ళకు కొంత వేసుకొని, మిగిలింది దంచి పిండి పట్టుకునేవాళ్ళు. కోత పండుగ వేలంలో గుమ్మడికాయ, కోడిపుంజు పాడిన డబ్బు కూడా ఇందులోనే కలిసేది.

బస్సు

అంతకు ముందు తరంవాళ్ళు లారీల్లో, తర్వాత డీసీఎం వ్యాన్లలో పోయారు. గడ్డి పరిచి, పైన చాపలు, ఆ పైన జంపఖానా. గతుకులకు గడ్డి మూలలకు జారిపోయి, నడుమ కూర్చున్నవాళ్ళకు ఉత్త రేకు మిగిలేది. ఆర్టీసీ స్పెషల్ బస్సు మాట్లాడటం అలవాటయ్యాక ఆ బాధ తీరింది.

సంఘం లెటర్‌ప్యాడ్ మీద పాస్టరయ్య సంతకంతో డిపోకు అర్జీ. బయలుదేరే చోటు, తిరిగే ఊళ్ళు, ఆగే గంటలు అన్నీ అందులో ఉండాలి. కిలోమీటర్ల లెక్క మన చర్చి దగ్గర మొదలు కాదు, డిపో గేటు నుంచి డిపో గేటు దాకా. కొత్తగా బాధ్యత మీదేసుకున్నవాళ్ళు ఇది మరిచి లెక్క తక్కువ వేసేవాళ్ళు. ఊరు డిపోకు ఇరవై కిలోమీటర్లుంటే బస్సు ఖాళీగా వచ్చే ఇరవై, పోయే ఇరవై మన ఖాతాలోనే పడతాయి. ముందు కట్టిన డిపాజిట్లోంచి అదనపు కిలోమీటర్లు, అదనపు గంటలు కోసుకొని మిగతాది తిరిగిచ్చేవాళ్ళు. డ్రైవరుకు తిండి, పడక చూసుకోవడం సంఘం పని. రాత్రి ఆయన నిద్ర చెడితే తెల్లారి అందరి ప్రాణం మీదికొస్తుందని, పాటలు పాడే గుంపుకు దూరంగా బస్సు పెట్టించే పెద్దమనిషి ప్రతి సంఘంలో ఒకరుండేవాళ్ళు.

సీట్ల దగ్గరే తగాదా. ఒడిలో పిల్లలకు లెక్క లేదు, ఐదేళ్ళు దాటితే సగం చందా. బయలుదేరే రోజు పిల్లలందరికీ నాలుగేళ్ళే ఉండేవి.

శుక్రవారం సంగతి

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూత. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం కూడా అంతే. గుడ్ ఫ్రైడే ముందర పెట్టుకొని యాత్ర అనుకున్నవాళ్ళందరికీ ఇదే అడ్డం పడేది. మెదక్‌లో శుక్రవారం సిలువ ధ్యానాలకు కూర్చొని, శనివారం పట్నం వద్దామంటే ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు సొంత ఊళ్ళో ఉండాలి. అందుకే మామూలు వారంలో, కోతలు అయిపోయాక, శనివారం మ్యూజియాలు, ఆదివారం ఆరాధన అన్న వరుస స్థిరపడింది. ఒకే రోజులో రెండూ కుదరవు. పాలమూరు నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లు, నల్లగొండ నుంచీ సుమారు అంతే. అక్కడి నుంచి మెదక్ మరో వంద. పొద్దున మెదక్‌లో ఆరాధన చేసుకొని, తిని, పట్నం చేరేసరికి మ్యూజియం టికెట్ల కిటికీ మూసే వేళవుతుంది.

పాలమూరు బస్సులు జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాదు మీదుగా ఆరాంఘర్ దాటి జూపార్కు పక్కనుంచే పురానాపూల్ చేరేవి. అక్కడ బస్సు అంతా ఒక్కటే గోల, జూకు పోదామని. పెద్దలు కిటికీలు మూయించేవాళ్ళు. జూలో అడుగుపెడితే ఆ రోజు ఇంక దానికే రాసిచ్చినట్టు. నల్లగొండ బస్సులు నార్కట్‌పల్లి, చౌటుప్పల్, మలక్‌పేట మీదుగా వచ్చేవి కాబట్టి వాళ్ళకు ఆ చిక్కు లేదు.

దారిలో తినేది సద్దే. జొన్నరొట్టెలు ముందు రాత్రి చేసినవి, బాగా ఆరబెట్టి గుడ్డలో కట్టినవి. వేడిమీద మూటకడితే చెమ్మ పట్టి పొద్దుటికి తీగ సాగుతాయి. చింతపండు పులిహోర మధ్యాహ్నం దాటినా నిలుస్తుంది. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి తెచ్చినవాళ్ళు పొద్దున పదింటి లోపల ఖాళీ చెయ్యాల్సిందే.

పన్నెండు కొట్టే గడియారం

సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరులో సాలార్‌జంగ్‌ల పాత భవనం దివాన్ దేవిడిలో తెరిచారు, మూసీ ఒడ్డున ఇప్పుడున్న కట్టడానికి 1968లో మారింది. నిజాం దగ్గర దివానుగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాక మిగిలిపోయిన సొత్తు అది. లోపలికి పోయాక గుంపు చెదిరిపోతే మళ్ళీ పట్టుకోవడం కష్టం. కాబట్టి లోపలికి పోకముందే ఒక మాట చెప్పేవాళ్ళు: తప్పిపోయినవాళ్ళు ఎవరినీ వెతుక్కుంటూ తిరగొద్దు, గడియారం దగ్గరికొచ్చి కూర్చోవాలి. వెతికేవాడు, తప్పిపోయినవాడు ఇద్దరూ తిరుగుతుంటే ఇద్దరూ దొరకరు.

గడియారం కుక్ అండ్ కెల్వీ వాళ్ళది. మూడు వందల యాభైకి పైగా భాగాలంటారు. అందులో ఒక కమ్మరి సెకను సెకనుకూ సుత్తితో కొడుతుంటాడు. గంటకు మూడు నిమిషాల ముందు గడ్డపాయన బయటికొచ్చి, వేళైతే గంట ఎన్నైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. ఒంటి గంటకు పోతే ఒక్క దెబ్బకే అయిపోతుంది. అందుకే పన్నెండుకు చూడాలని లెక్క. పదకొండు ముప్పావుకే బెంచీలు పట్టుకునేవాళ్ళు. ఆలస్యమైతే ముందరివాళ్ళ తలలే కనపడతాయి, పొట్టివాళ్ళకు చప్పుడొక్కటే దక్కుతుంది.

దానికన్నా ముందు చూడాల్సింది ముసుగు రిబ్కా బొమ్మ. ఇటలీ శిల్పి జోవన్నీ బెంజోనీ చేసింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నది. గైడులు రెబెకా అని ఊరుకుంటారు. సండేస్కూలు పిల్లలకు ఆదికాండం 24వ అధ్యాయం బస్సులోనే చదివించేవాళ్ళు: అబ్రాహాము పంపిన దాసుడు, బావి దగ్గర కడవ, ఒంటెలకు కూడా నీళ్ళు తోడిన పిల్ల, చివరికి పొలంలో ఎదురొస్తున్న ఇస్సాకును చూసి ఒంటె దిగి ముసుగు వేసుకోవడం. ఆ అరవై ఐదో వచనమే ఆ రాయి. అది చదివి పోయినవాళ్ళు బొమ్మ ముందర నిలబడే తీరే వేరు. ముసుగు వేరే, ముఖం వేరే అనిపిస్తుంది కానీ అంతా ఒకటే చలువరాయి. తడిసిన చీర ఒంటికి అంటుకున్నట్టు ముడతలను ముక్కు, పెదవుల మీదుగా నడిపించాడు. కళ్ళ దగ్గర లోతు తీసి నీడ పడేట్టు చేశాడు. పక్కకు నిలబడి, వెలుతురు అడ్డంగా పడే వైపు నుంచి చూస్తే ఆ పని తెలుస్తుంది. ఎదురుగా నిలబడితే ముసుగే కనపడుతుంది.

చెక్కతో చేసిన రెండు ముఖాల బొమ్మ ఇంకోటి. ఫౌస్ట్ అనే జర్మన్ నాటకంలోని పాత్రలు, ముందు మెఫిస్టోఫెలీస్ అనే సైతాను, వెనక అద్దంలో తలవంచుకున్న మంచి పిల్ల మార్గరెట్. మరుసటి రోజు సాయంత్రం బస్సులో ఎవరు ప్రార్థన చేసినా, ఎవరు రెండు మాటలు చెప్పినా ఆ బొమ్మ రాకుండా ఉండేది కాదు. అంత సులువైన ఉదాహరణ దొరికితే ఏ ప్రసంగీకుడు వదులుతాడు.

ఆ తర్వాత టిప్పు సుల్తాన్ ఏనుగు దంతం కుర్చీలు, కత్తులు, గాజుసామాను. రెండు గంటలు దాటిందంటే కాళ్ళు పీకుతాయి, ఏం చూసినా కళ్ళకెక్కదు. అన్నీ చూడాలని పట్టుబట్టినవాళ్ళకు చివరికి ఏదీ గుర్తుండేది కాదు.

ఐగుప్తు పిల్ల

పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి సంఘాలు పోయేది ఒక్కదానికోసమే, ఐగుప్తు అంటే ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొని తెచ్చి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు ఇచ్చాడు, ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడు. వయసులో ఉన్న ఆడపిల్లది అని చెబుతారు. ఇప్పుడు ఆక్సిజన్ లేని గాజుపెట్టెలో భద్రం చేశారు.

బైబిలు చదివేవాళ్ళకు ఇక్కడ పట్టుకోవాల్సింది ఆదికాండం చివరి అధ్యాయం. యాకోబు చనిపోతే యోసేపు వైద్యులతో సుగంధ ద్రవ్యాలు వేయించాడు, దానికి నలభై దినాలు పట్టింది, ఐగుప్తీయులు డెబ్బై దినాలు దుఃఖపడ్డారు. యోసేపునూ అలాగే చేసి పెట్టెలో ఉంచారు. ఊళ్ళో చదివినప్పుడు ఆ నలభై దినాలు ఒక అంకె మాత్రమే. గుడ్డ పట్టీల చుట్టు మీద చుట్టు కళ్ళారా చూశాక అంత పనికి అన్ని దినాలు పట్టవా మరి అని ముసలమ్మలే లెక్కగట్టేవాళ్ళు. భయపడే పిల్లలను దగ్గరికి లాక్కుపోవద్దు. ఒకరు ఏడుపు మొదలుపెడితే వరుసలో ఉన్న పది మందికీ అంటుకుంటుంది.

రాత్రి కాంపౌండులో

బాలానగర్ మీదుగా నర్సాపూర్ అడవి దాటి, కౌడిపల్లి, కొల్చారం మీదుగా మెదక్ చర్చి కాంపౌండు. నర్సాపూర్ అడవిలో కోతులుంటాయి కాబట్టి బస్సు ఆపరు, ఆపితే సద్ది మూటలు లోపలే ఉండాలి.

పెట్రోమాక్స్ దీపాలు రెండు. వెలిగించి వాడిన మ్యాంటిల్, అంటే వెలుగిచ్చే వలగుడ్డ, బూడిదలా పెళుసుగా ఉంటుంది, బస్సు కుదుపుకు రాలిపోతుంది. తెలిసినవాళ్ళు ఊళ్ళోనే పాతది తీసేసి, కొత్తవి నాలుగు జేబులో పెట్టుకొని వచ్చేవాళ్ళు. చేరాక కట్టి, స్పిరిటుతో వేడి చేసి, నిదానంగా పంపు కొట్టాలి. వేడెక్కకముందే పంపు కొడితే కిరసనాయిలు మంటై పైకి లేస్తుంది, మ్యాంటిల్ నల్లబడుతుంది. నాజిల్ పిన్ను మరిచిపోతే ఆ రాత్రికి లాంతర్లే గతి.

చలికాలం మంచుకు కంజీర తోలు మెత్తబడి చప్పుడు చచ్చిపోతుంది. నెగడు దగ్గర దూరంగా తిప్పుతూ కాపాలి, తొందరపడి మంట మీద పెడితే తోలు పగులుతుంది. హార్మోనియం రీడ్లకూ చెమ్మ పడదు, దుప్పట్లో చుట్టి పెట్టేవాళ్ళు. పాటలు రాత్రి పది దాటితే ఆపేసేవాళ్ళు. పక్క గుంపు ఖమ్మం వైపుదో, కరీంనగర్ వైపుదో ఉంటే ఆ పది పన్నెండు కూడా అయ్యేది, అదే కీర్తన వాళ్ళ రాగం ఇదని, మన రాగం ఇదని.

కిటికీల వెలుతురు

పాలమూరు వైపు ఎక్కువ సంఘాలు ఎం.బి., అంటే మెనొనైట్ బ్రదరెన్ వాళ్ళవి. వాళ్ళ పద్ధతిలో సాదా గోడలు, ఒక బల్ల, ఒక సిలువ. నల్లగొండలో బాప్టిస్టు మిషను పని 1890లో మొదలైంది, అక్కడా అంతే. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక దాన్లో కలిసింది. కరువు రోజుల్లో కూలీ, తిండి దొరికే పని పెట్టి చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చి. 1914లో మొదలై పదేళ్ళు పట్టింది. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, గోపురం నూట డెబ్బై ఐదు అడుగులు. వాటికన్ తర్వాత ఇదే పెద్ద డయాసిస్ (ఒక బిషప్పు కింది ప్రాంతం) అని గేటు బయట చెప్పేవాళ్ళ మాట పట్టించుకోవద్దు. ప్రొటెస్టెంటు సంఘాన్ని రోముతో కొలవడంలో అర్థమే లేదు, ఉన్న గొప్పతనం చాలదా.

సాదా గోడల మధ్య పెరిగినవాళ్ళు ఆ అద్దాల బొమ్మల ముందు మొదట బెరుకుగానే నిలబడేవాళ్ళు. మూడు పెద్ద కిటికీలు, లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఉత్తరాన ఆరోహణం, తూర్పున సిలువ, పడమర క్రీస్తు జననం. రంగు గాజుముక్కలను సీసపు పట్టీలతో అతికినవి, బయటి వెలుతురు లోపలికొస్తేనే బొమ్మ కనపడుతుంది. పగలు బయట నుంచి చూస్తే నల్లగా ఏమీ ఉండదు. రాత్రి ఎన్ని దీపాలు పెట్టినా లోపల కూర్చున్నవాళ్ళకు అంతే. పొద్దున్నే పోయినవాళ్ళకు సిలువ కిటికీ బాగా పలుకుతుంది. జననం చూడాలంటే పొద్దు వాలాక రావాలి. ఆరోహణానికి ఎండ నేరుగా తగలదు కాబట్టి పగలంతా ఒక్క తీరుగా ఉంటుంది. క్రిస్మసు తెల్లవారుజాము ఆరాధనకు పోయినవాళ్ళకు మాత్రం ఒక సౌకర్యం ఉంది. లోపలికి పోయేటప్పుడు మూడూ చీకటి. ప్రసంగం నడుస్తుండగా తూర్పుది మొదట మెల్లగా రంగు పట్టి, దీవెన చెప్పేసరికి మనుషుల ఆకారాలు తేలతాయి. ఆ ప్రసంగం సగమే వినపడుతుందని పాస్టర్లే ఒప్పుకునేవాళ్ళు.

ఆరాధన క్రమం కొత్త. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, ఏది సంఘం చెప్పాలో ఎం.బి. వాళ్ళకు తెలియదు. ముందు వరుసలో కూర్చుంటే చూసి నేర్చుకోవడానికి ఎవరూ ఉండరు. స్థానికుల వెనక నాలుగైదు వరుసలు వదిలి కూర్చుంటే వాళ్ళను చూసి లేవొచ్చు. నేల ఇంగ్లండు నుంచి తెచ్చిన రంగు పలకలు, చలికి మోకాళ్ళు బిగుస్తాయి. ముసలివాళ్ళు దుప్పటి మడతపెట్టుకొని పోవడం మంచిది. ప్రభురాత్రి భోజనం (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవాలా వద్దా అన్నది ముందు రాత్రే పెద్దలు తేల్చుకోవాలి. అప్పటికప్పుడు వరుసలో నిలబడి గుసగుసలాడితే చూడటానికి బాగుండదు.

బగార, పచ్చిపులుసు

బగార, అంటే మసాలా అన్నానికి, అరవై మందికి తొమ్మిది కిలోల బియ్యం, కిలోకు ఏడుగురి లెక్కన. మాంసం తొమ్మిది పది కిలోలు. పాత బియ్యానికి గిన్నెకు రెండు గిన్నెల నీళ్ళు, కొత్తవైతే ఒకటిన్నర. ఆరుబయట గాలికి మంట ఒక పక్కకే పోతుంది, ఆ పక్క డేగ్చా అడుగంటి ఈ పక్క పలుకు మిగులుతుంది. పొయ్యికి గాలి వచ్చే వైపు రాళ్ళు ఎత్తు పెట్టి, ఎసరు ఇంకగానే మంట తీసి, మూత మీద నిప్పులు పోస్తే సమంగా మగ్గుతుంది. పచ్చిపులుసుకు పొయ్యితో పనిలేదు. ముప్పావు కిలో చింతపండు పొద్దునే నానేసి, కాల్చిన మిరపకాయలు, ఉల్లిగడ్డ, వేయించిన నువ్వుల పొడి కలిపితే చాలు. ఆదివారం మధ్యాహ్నం ఎండకు అది లేకపోతే బగార దిగదు.

మెదక్ దాకా పోలేని సంఘాలు దగ్గరివే చూసుకునేవి. పాలమూరు పిల్లలను పిల్లలమర్రికి, అక్కడి మ్యూజియానికి తీసుకుపోయేవాళ్ళు. దేవరకొండ వైపువాళ్ళు సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయేవాళ్ళు. అక్కడా శుక్రవారం సెలవే. చివరి లాంచీ ఎన్నింటికో అడగకుండా ఎక్కొద్దు.

లెక్కలు

తిరిగొచ్చిన మరుసటి ఆదివారం ప్రకటనల్లో కోశాధికారి లెక్క చదివేవాడు. వేలం బియ్యం ఇంత, చందాలు ఇంత, బస్సు, డ్రైవరు బత్తా, టికెట్లు, మాంసం, కట్టెలు. డిపాజిట్ వాపసు రావడానికి ఇంకో నెల పట్టేది కాబట్టి దాన్ని రావాల్సిన పద్దులో రాసి, చేతిలో ఉన్నది వేరే చదవాలి. కలిపి చదివితే వెనక బెంచీల నుంచి ఎవరో ఒకరు లేచి తప్పక అడిగేవాళ్ళు. మిగిలింది మ్యాంటిళ్ళకు, కొత్త కంజీరకు పోయేది. డేగ్చా మూత ఎక్కడ మరిచామన్నది మాత్రం ఏ లెక్కలోనూ తేలేది కాదు.